బ్యాక్‌లాగ్ (పాత వీడియో ఆటలు)

బ్యాక్‌లాగ్ అనగా చేయవలసి ఉండీ చేయకపోవడం వలన పేరుకుపోయిన పని. తెలుగునాట ఈ మాట ఇంజనీరింగు విద్యార్థుల నోట ఎక్కువగా వినబడుతుంది. తప్పిన సబ్జెక్టులను వారు బ్యాక్‌లాగులు అంటారు. ఈ వ్యాసం వాటి గురించి కాదు. వీడియో ఆటల అభిమానులు సంపాదించి దాచుకొని, ఇంకా ఆడి ముగించని పాత ఆటల జాబితాను కూడా ఇదే మాటతో పిలుస్తారు. కొని బీరువాలో పెట్టి, చదవకుండా ఉంచిన పుస్తకాల వంటిదే ఇది. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పుస్తకాన్ని ఇరవై యేళ్ళ తరువాత తెరిచినా చదువుకోవచ్చు. పాత వీడియో ఆట అప్పటికి ఆడటానికి వీలుగా మిగిలి ఉంటుందన్న హామీ లేదు.

ఏ ఆటలు

సాధారణంగా 1970ల చివరి నుండి 1990ల వరకు వెలువడిన ఆటలను పాత ఆటలు లేదా రెట్రో ఆటలు అంటారు. నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెలలో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ (1978), పాక్-మాన్ (1980), డాంకీ కాంగ్ (1981), ఇంటి టీవీకి తగిలించి ఆడే సూపర్ మారియో బ్రదర్స్ (1985), కంప్యూటరుపై ఆడే ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989) మొదలైనవి ఈ కోవకు చెందినవి. వీటి పరిమాణం నేటివారికి నమ్మశక్యం కాదు. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు మాత్రమే. నేడు సెల్‌ఫోనులో తీసే ఒక్క ఫోటో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. స్థలం పొదుపు కోసమే ఆ ఆటలో ఆకాశంలోని మేఘానికీ నేలమీది పొదకూ ఒకే బొమ్మను రంగు మార్చి వాడారు.

తెలుగునాట

జపానుకు చెందిన నింటెండో సంస్థ ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని 1983 జూలై 15న విడుదల చేసింది. అసలు యంత్రం కంటే దానికి చేసిన చౌక నకళ్ళే మన ఊళ్ళకు ఎక్కువగా చేరాయి. 1990లలోనూ ఆ తరువాతి దశకంలోనూ మనవారు "టీవీ గేమ్" లేదా కేవలం "వీడియో గేమ్" అని పిలిచినవి చాలావరకు ఇవే. ఆటలు ప్లాస్టిక్ క్యాసెట్లలో వచ్చేవి. క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఘనంగా ముద్రించి ఉండేది. లోపల ఉన్నవి మాత్రం కొద్ది ఆటలే. అదే ఆటను రెండవ లెవెల్ నుండి, మూడవ లెవెల్ నుండి మొదలుపెట్టి, వేరు వేరు పేర్లతో జాబితా నింపేవారు. ఆ విధంగా చూస్తే మన పిల్లలకు బ్యాక్‌లాగును మొదట తయారుచేసి ఇచ్చినది క్యాసెట్ల వ్యాపారులే, అదీ లేని ఆటలతో!

ఇంట్లో టీవీ గేమ్ లేని పిల్లలు కొందరు గంటకు ఇంత అని అద్దె చెల్లించి దుకాణాలలో ఆడేవారు. కంప్యూటర్ ల్యాబు ఉన్న పాఠశాలలలోనూ కళాశాలలలోనూ డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే రెండు ఆటలు ఎక్కువగా కనబడేవి. గంట కొట్టేలోగా ముగించవలసినదే. ప్రిన్స్ ఆఫ్ పర్షియా కథలో కూడా రాకుమారికి ఇచ్చిన గడువు సరిగ్గా ఒక గంట కావడం విశేషం.

అప్పటి ఆటలు అసంపూర్తిగా మిగలడానికి మన ప్రాంతంలో ఇంకొక కారణం కూడా ఉన్నది. అది కరెంటు కోత. సూపర్ మారియో బ్రదర్స్‌లో ఎనిమిది లోకాలు, ఒక్కొక్క లోకానికి నాలుగు ఘట్టాలు, వెరసి 32 ఘట్టాలు ఉన్నాయి. ఆడినంతవరకు దాచుకొనే సౌకర్యం ఆ ఆటకు లేదు. సత్తుపల్లికి చేరువలో, అడవి అంచున ఉన్న పెనుబల్లి వంటి చోట ఏడవ లోకంలో ఉండగా కరెంటు పోతే, తిరిగి వచ్చాక మొదటి లోకం మొదటి ఘట్టం నుండి ఆరంభించవలసినదే. కాబట్టి చిన్నప్పుడు ఎన్నోసార్లు ఆడిన ఆట కూడా నేటి పెద్దల బ్యాక్‌లాగులో కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

ముగించడం అంటే ఏమిటి

జాబితాలోని ఆటను కొట్టివేయాలంటే అది ముగిసిందని తేలాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. నాణెం పెట్టె ఆటలకు ముగింపు అనేది ఉద్దేశించబడలేదు. ఆడేవాడు ఓడిపోయి మరొక నాణెం వేయడమే వాటి పరమార్థం. అయినా కొన్ని ఆటలు తమ రూపకర్తలు కూడా ఊహించని చోట ఆగిపోతాయి.

పాక్-మాన్‌లో లెవెల్ సంఖ్యను ఎనిమిది బిట్ల గడిలో దాస్తారు. ఆ గడిలో 0 నుండి 255 వరకు మాత్రమే పడుతుంది. 256వ లెవెల్‌కు చేరినప్పుడు లెక్క తప్పి, తెర కుడి సగమంతా పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. లెవెల్ దాటడానికి కావలసినన్ని చుక్కలు తెరమీద ఉండవు. కాబట్టి ఆట అక్కడితో సరి. అంతవరకు ఒక్క ప్రాణం కూడా పోగొట్టుకోకుండా, దొరికే ప్రతి మార్కునూ తీసుకుంటే వచ్చేది 33,33,360 పాయింట్లు. అంతకు మించి రావడం సాధ్యం కాదు.

డాంకీ కాంగ్ సంగతి గణితం చదివేవారికి మరింత ఆసక్తికరం. ఆ ఆటలో గడువును లెక్కించే పద్ధతి ఇది: లెవెల్ సంఖ్యను పదితో గుణించి నలభై కలపాలి. వచ్చినది 80 దాటితే 80గానే తీసుకోవాలి. దాని వెనుక రెండు సున్నాలు చేర్చితే తెరమీద కనబడే గడువు వస్తుంది. మొదటి లెవెల్‌కు 5000, నాలుగవ లెవెల్ నుండి 8000. 22వ లెవెల్‌కు 220కి 40 కలిపితే 260 అవుతుంది. ఎనిమిది బిట్ల గడిలో 260 పట్టదు. 256 పోగా మిగిలిన 4 మాత్రమే నిలుస్తుంది. 4 అనేది 80 కంటే తక్కువ కాబట్టి యంత్రం దానినే తీసుకొని 400 గడువు ఇస్తుంది. ఆ గడువులో పైకి ఎక్కడం దాదాపు అసాధ్యం. మామూలుగా ఆడితే ఎంతటి నేర్పరి అయినా అక్కడ చచ్చిపోవలసినదే. ఇటువంటి ఆటను ముగించాడని ఎవరిని అనాలి? అభిమానులలో కొందరు మొదటి చుట్టు పూర్తయితే చాలునంటారు, మరికొందరు ఒక నిర్ణీత స్కోరు పెట్టుకుంటారు. ఏదైనా ఒకటి ముందుగా నిర్ణయించుకొని జాబితా పక్కన వ్రాసుకోవడం మేలు.

ముగింపు ఉన్న ఆటలలో కూడా వివాదం ఉన్నది. సూపర్ మారియోలో మొదటి లోకపు రెండవ ఘట్టంలో దాగి ఉన్న గొట్టం ద్వారా నాలుగవ లోకానికి, అక్కడి రెండవ ఘట్టం నుండి మరొక దాగిన దారిలో ఎనిమిదవ లోకానికి పోవచ్చు. అప్పుడు 32 ఘట్టాలలో ఎనిమిది ఆడితే ఆట ముగుస్తుంది. ఆరితేరినవారు ఈ దారిన ఐదు నిమిషాల లోపే ముగిస్తారు. ముగిసినట్లే. కానీ ఆటలో నాలుగింట మూడు వంతులు వారు చూడనే లేదు.

కోంట్రాలో మూడు ప్రాణాలతో ఎనిమిది ఘట్టాలు దాటడం చాలా కష్టం. అందుకే ఆరంభంలో పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ మీటలను వరుసగా నొక్కితే 30 ప్రాణాలు వస్తాయి. ఈ వరుసను తయారుచేసినవారు కొనామి సంస్థకు చెందిన కజుహిసా హషిమోటో (మరణం 2020). ఆయన దీనిని మొదట 1986లో గ్రాడియస్ అనే ఆట కోసం పెట్టారు. ఆ ఆటను పరీక్షించవలసిన ఆయనకే అది ఆడలేనంత కష్టంగా ఉండటం దీనికి కారణం. తయారుచేసినవారే వాడుకున్న ఉపాయాన్ని ఆడేవారు వాడుకుంటే తప్పు పట్టడం న్యాయం కాదనిపిస్తుంది.

ఆడినంత దాచుకోవడం

పొడవైన ఆటలను మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టడానికి తొలుత సంకేత పదాలు వాడేవారు. జపానులో 1987లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ రెండవ భాగంలో ఈ సంకేతం 52 అక్షరాల వరకు ఉండేది. పిల్లలు టీవీ చూస్తూ దానిని కాగితంపై ఎక్కించుకోవాలి. ఒక్క అక్షరం తప్పితే ఎన్నో రోజుల శ్రమ వృథా. చూచివ్రాతకు ఇంతటి విలువ ఏ బడిలోనూ దక్కి ఉండదు.

1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా క్యాసెట్ లోపల బిళ్ల బ్యాటరీ పెట్టి ఈ బాధ తప్పించారు. నేడు కంప్యూటరులో పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లు ఉన్నాయి. నాణెం పెట్టెల కోసం ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన మేమ్ వీటిలో పేరుపొందినది. ఎమ్యులేటరులో ఏ క్షణాన్నైనా ఆటను భద్రపరచి, ఓడిన వెంటనే అదే క్షణానికి తిరిగి రావచ్చు. దీనివలన బ్యాక్‌లాగ్ వేగంగా తరుగుతుంది. అయితే పాత ఆటలు చాలావరకు పొడవులో చిన్నవి. కష్టమే వాటికి పొడవు. కష్టం తీసివేస్తే అరగంటలో అయిపోయి, అందులో ఏముందని ఇంత పేరు వచ్చిందో అర్థం కాదు. ఘట్టానికి ఒక్కసారి మాత్రమే భద్రపరచుకోవడం మధ్యేమార్గం.

ఎంత కాలం పడుతుంది

ది మెక్సికన్ రన్నర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఆటగాడు 2014 - 2017 మధ్య నింటెండో ఎన్ఈఎస్ యంత్రపు ఆటలు 714 ముగించాడు. దీనికి 3,400 గంటలకు పైగా పట్టింది. సగటున ఆటకు ఐదు గంటల లోపే. రోజుకు ఒక గంట ఆడే ఉద్యోగికి ఇదే పని తొమ్మిదేళ్ళకు పైబడుతుంది. జాబితా పొడవు నిర్ణయించుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ముందు ఏవి ఆడాలి

విడుదలైన సంవత్సరాల వరుసలో ఆడటం చాలామంది పాటించే పద్ధతి. చరిత్ర తెలుస్తుంది కాబట్టి మంచిదే. కానీ త్వరలో అందకుండా పోయేవాటిని ముందు ఆడటమే సరైనదని చెప్పాలి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు మార్కెట్టులో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. నింటెండో తన వై దుకాణాన్ని 2019 జనవరిలోను, 3డీఎస్, వై యూ దుకాణాలను 2023 మార్చిలోను మూసివేసింది. తరువాత కొందామని వాయిదా వేసినవారికి ఆ దారి మూసుకుపోయింది. మరొకరు నకలు చేసి ఉంచిన ఆటలను అనుమతి లేకుండా దింపుకోవడం చట్టవిరుద్ధం. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం నిర్వచనం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య కృతియే. మారియో కూడా సాహిత్యమేనన్నమాట. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2014లో వందలాది నాణెం పెట్టె ఆటలను బ్రౌజరులోనే ఆడుకునేలా ఉంచింది. చూడదలచినవారికి అది సులభమైన దారి.

కొన్ని ఆటలకు టీవీయే అడ్డు. తుపాకితో బాతులను కొట్టే డక్ హంట్ (1984) పాత గాజు గొట్టపు టీవీపై మాత్రమే పనిచేస్తుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని గడి మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ వెలుగును వెంటనే పసిగట్టాలి. నేటి పలుచని టీవీలు బొమ్మను కొంత ఆలస్యంగా చూపుతాయి కాబట్టి గురి సరిగా ఉన్నా బాతు పడదు. ఇంట్లో పాత టీవీ ఇంకా పనిచేస్తూ ఉంటే దానిని పాత సామాను వానికి వేయకముందే ఈ ఆట ముగించుకోవాలి.

అన్నిటికంటే తొందరగా చూడవలసినవి బ్యాటరీ ఉన్న క్యాసెట్లు. బిళ్ల బ్యాటరీ నీరసిస్తే ఆట చెడిపోదు, దాచుకున్నది మాత్రం చెరిగిపోతుంది. బ్యాటరీని పలకకు అతికించి ఉంటారు కాబట్టి చేతితో ఊడదీయడం కుదరదు. టంకం పని తెలిసిన రేడియో మెకానిక్ చేత మార్పించాలి. పాతది తీసిన క్షణంలోనే లోపల ఉన్నది పోతుంది. కాబట్టి సగం ఆడిన ఆటలు అందులో ఉంటే వాటిని ముగించిన తరువాతనే క్యాసెట్ విప్పించాలి.