నల్లని చేతితొడుగు

గట్టి క్రికెట్ బంతిని వట్టి చేతులతో ఎప్పుడైనా పట్టారా? ఒక్కసారి పడితేనే అరచెయ్యి భగ్గుమంటుంది. సుమారు నూటయాభై ఏళ్ల కిందట అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు, ఆడినంతసేపూ గట్టి బంతిని అలాగే పట్టేవారు.

బేస్‌బాల్‌లో బంతిని కొట్టినవాడు మొదటి బేస్‌కు, అంటే మొదటి మజిలీకి, పరుగెత్తాలి. అతనికన్న ముందు బంతి అక్కడ నిలబడినవాడి చేతికి చేరితే అతను అవుట్. కనక ఆ చేతులకు తీరిక ఉండదు.

ఆ రోజుల్లో ఆల్బర్ట్ స్పాల్డింగ్ అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. ఇతను ఇల్లినాయ్ రాష్ట్రంలోని బైరన్ అనే ఊళ్లో పుట్టాడు. 1871లో బోస్టన్ జట్టులో జీతానికి చేరాడు. అప్పట్లో బంతిని భుజం మీదుగా కాక, చెయ్యి కిందికి దించి, 45 అడుగుల దూరంనుంచి విసరాలి. అతను విసురుతూండగా ఆ జట్టు 1872 నుంచి 1875 దాకా ఏటా విజేత అయింది.

1875లో స్పాల్డింగ్ ఒక వింత చూశాడు. ఎదటి జట్టులో, మొదటి బేస్ వద్ద ఉన్న చార్లెస్ వెయిట్ తోలు తొడుగు వేసుకున్నాడు! దాని రంగు అచ్చం ఒంటిరంగే. ఏమిటని అడిగితే, తొడుగు వేసుకోవటం తనకు కొంచెం సిగ్గుగానే ఉన్నదనీ, ఎవరికీ కనిపించకూడదనే ఆ రంగు ఎంచుకున్నాననీ వెయిట్ చెప్పాడట. దెబ్బ ఓర్చుకోవటమే మగతనమని ఆనాటి ఆటగాళ్ల అభిప్రాయం.

1876లో స్పాల్డింగ్ షికాగో జట్టుకు మేనేజరయ్యాడు. ఆ ఏడు జట్టు గెలిచిన 52 ఆటల్లో 47 అతను బంతి విసిరి గెలిపించినవే. కాని ఏళ్ల తరబడి దెబ్బలు తిని అతని ఎడమ అరచెయ్యి కమిలిపోయింది. 1877లో మొదటి బేస్ వద్ద ఆడవలసి వచ్చినప్పుడు, అతనికి వెయిట్ తొడుగు గుర్తుకొచ్చింది. తానూ ఒకటి వేసుకున్నాడు. అయితే దాచుకోలేదు. అందరికీ కనిపించేలా నల్లనిదే వేసుకున్నాడు! ఒక్క తోలు చాలక, లోపల మెత్తలు కూడా పెట్టాడు. అంత పేరున్న ఆటగాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. అప్పటికే అతనికీ, తమ్ముడికీ ఆటసామానుల దుకాణం ఉండటంచేత, తొడుగులు వ్యాపారానికీ పనికివచ్చాయి.

ముప్ఫై ఏళ్లు నిండకముందే, 1878లో, అతను ఆడటం మానేశాడు. కొద్ది ఏళ్లలోనే 250కి పైగా ఆటలు గెలిపించాడు. కాని ఇవాళ బేస్‌బాల్ ఆడే ప్రతి పిల్లవాడి చేతికీ ఉండేది ఆ తొడుగే. స్పాల్డింగ్ పేరు చాలామందికి తెలుసు. నవ్వుతారని భయపడుతూనే తొడుగు వేసుకున్న వెయిట్‌ను కూడా మీరు మరిచిపోకండి.