వార్తల్లో పదం: తాత్విక విశ్వాసం

మతాన్ని నమ్మేవారికి ఉన్న రక్షణే నమ్మనివారికీ ఉండాలా? ఉండాలనే అంటుంది బ్రిటన్‌ సమానత్వ చట్టం–2010. మతం, నాస్తికత్వంతో పాటు ‘తాత్విక విశ్వాసం’ కారణంగానూ ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. అలాగని ప్రతి అభిప్రాయమూ ఈ కోవలోకి రాదు. ఈ చట్టానికి ముందే, గ్రేంజర్‌ అనే కేసులో 2009 నాటి తీర్పు అయిదు షరతులు పెట్టింది: నమ్మకం మనస్ఫూర్తిగా ఉండాలి, కేవలం అభిప్రాయం కాకూడదు, మానవ జీవితంలోని కీలక అంశానికి సంబంధించాలి, పొందిక, గాంభీర్యం ఉండాలి, ఇతరుల హక్కులకు, మానవ గౌరవానికి భంగం కలిగించరాదు. నైతిక కారణాలతో పాటించే వీగనిజం (జంతు ఉత్పత్తులను వాడకపోవడం) 2020లో ఈ పరీక్ష నెగ్గింది. రేంజర్స్‌ ఫుట్‌బాల్‌ క్లబ్‌పై వీరాభిమానం 2022లో నెగ్గలేకపోయింది. ఏ నమ్మకం సత్యమో ఇలాంటి కేసులు విచారించే ట్రైబ్యునళ్లు తేల్చవు. దానికి చట్టం అండ ఉందో లేదో మాత్రమే చెబుతాయి.