తోట అమ్మే ముందు ఈ లెక్కలు వేసుకోండి!

విదేశీ చదువంటే మన ఇళ్ళలో ఒకటే లెక్క. ఇంజనీరింగు, ఆ తర్వాత ఎం.ఎస్., ఆ తర్వాత కంప్యూటరు ఉద్యోగం. ఆ దారిలో వెళ్ళినవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఫీజెంత, వీసా ఎలా అని అడగడానికి మనిషి దొరుకుతాడు. కానీ మీ అమ్మాయి వచ్చి 'నేను అభివృద్ధి అధ్యయనాలు చదువుతాను, లేకపోతే అంతర్జాతీయ వ్యవహారాలు చదువుతాను' అందనుకోండి. ఎవర్నడుగుతారు? ఆ పేరు విన్నవాళ్ళే చుట్టుపక్కల కనిపించరు.

మా ఇంట్లో ఈమధ్య అదే జరిగింది. మాది మురమళ్ళ. పెళ్ళి కుదరని పిల్లల చేత వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు వచ్చే ఊరు. అలాంటి ఊళ్ళో పాతికేళ్ళ ఆడపిల్ల 'పెళ్ళి తర్వాత, ముందు చదువు' అంటే ఎన్ని మాటలు పుడతాయో వేరే చెప్పాలా! మా తమ్ముడి కూతురు కాకినాడలో బి.ఏ. ఎకనామిక్స్ చదివి, రెండేళ్ళుగా మడ అడవుల దగ్గరి మత్స్యకారుల ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తోంది. దానికి మూడు చోట్ల సీటు వచ్చింది. న్యూయార్కులో కొలంబియా, ఇంగ్లండులో ససెక్స్, బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం. మా తమ్ముడికున్న ఆస్తి ఎకరంన్నర కొబ్బరి తోట, ఒక డాబా ఇల్లు.

"తోట అమ్మేద్దాం అక్కా. పిల్లకంటే ఎక్కువా?" అన్నాడు వాడు. "చదువొద్దని అనట్లేదండి వదినగారూ. తోట పోతే మళ్ళీ రాదు కదండీ. రెండోదీ ఆడపిల్లే" అంది మరదలు. ఇద్దరి మాటా సబబే. నేను ముప్పయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి కాగితాలన్నీ తెచ్చి నా ముందు పెట్టారు. ఆ కాగితాలు చదివి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు ఏమిటీ చదువులు?

రెండూ ఒకటి కాదు. అభివృద్ధి అధ్యయనాలంటే పేదరికం, ఆరోగ్యం, భూమి, ఆడవాళ్ళ సంపాదన లాంటివాటిని గురించి చదవడం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను మా కోనసీమవాళ్ళు మర్చిపోలేరు. భైరవపాలెం లాంటి ఊళ్ళలో వేటకెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. అలాంటప్పుడు తుపాను షెల్టరు ఎక్కడ కట్టాలి, సాయం ఎవరి పేరున ఇవ్వాలి, మగమనిషి పోయిన ఇంటికి బతుకుతెరువేమిటి అని ఆలోచించే విద్య ఇది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం కూడా ఈ చదువులో ఒక పాఠమే.

అంతర్జాతీయ వ్యవహారాలంటే దేశాల మధ్య ఒప్పందాలు, వాణిజ్యం, యుద్ధం, వలసలు. మనకెందుకులే అనుకోకండి. కోనసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పని చేస్తున్నారు! అక్కడ యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే ఏ చట్టం ఆదుకుంటుందో చెప్పేది ఈ శాస్త్రమే.

కాబట్టి మొదటి ప్రశ్న: మీ అమ్మాయికి ఊళ్ళలో పని ఇష్టమా, ఒప్పందాల వ్యవహారం ఇష్టమా? మా పిల్లని అడిగితే ఆలోచించకుండానే చెప్పింది, "ఊళ్ళే అత్తా" అని.

కాలేజీకో తీరు

పేర్లు పెద్దవే, చదువు తీరు మాత్రం వేరు. హార్వర్డ్ కెన్నెడీ స్కూల్లో అంతర్జాతీయ అభివృద్ధి కోర్సు రెండేళ్ళు. ఎకనామిక్స్, కాలిక్యులస్ గట్టిగా వచ్చి ఉండాలి. వాషింగ్టన్‌లో జాన్స్ హాప్కిన్స్‌వారి సైస్ కూడా ఆర్థికశాస్త్రానికి పేరుపడ్డదే. 1933లో పుట్టిన ఫ్లెచర్ స్కూల్లోనూ, కొలంబియా అంతర్జాతీయ వ్యవహారాల కోర్సులోనూ ఇంగ్లీషు కాక మరో భాష కూడా అడుగుతారు. జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ 1927 నాటిది. ఐక్యరాజ్యసమితి ఆఫీసులకు దగ్గర. ఫీజు అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ, కానీ ఆ ఊళ్ళో గది అద్దె, తిండి ఖర్చు వింటే గుండె గుభేలుమంటుంది. నెదర్లాండ్స్‌లోని ద హేగ్‌లో 1952 నుంచి ఐ.ఎస్.ఎస్. ఉంది.

ఇంగ్లండులో ఎం.ఏ., ఎం.ఎస్‌సి. కోర్సులు ఎక్కువగా ఏడాదే. ఆక్స్‌ఫర్డ్‌లో ఎం.ఫిల్. మాత్రం రెండేళ్ళు. ససెక్స్‌లో ఐ.డి.ఎస్. అనే సంస్థ 1966లో మొదలైంది. అక్కడి రాబర్ట్ ఛాంబర్స్ 1989 నుంచి రెండేళ్ళు మన హైదరాబాదులో, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పని చేశారు. ఊరి గురించి ఊరివాళ్ళనే అడగాలి, వాళ్ళ చేతే నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించాలి అనే పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. మా పిల్ల రెండేళ్ళుగా చేస్తున్నది అదే పని!

డబ్బు సంగతి

కొలంబియాలో ఒక్క ఏడాది ఫీజే 60 వేల డాలర్లు దాటింది. రెండేళ్ళ ఫీజు, న్యూయార్కు ఖర్చులు కలిపితే కోటి రూపాయలు దాటిపోతుంది. దానికి అక్కడ స్కాలర్‌షిప్ రాలేదు. ససెక్స్‌లో ఫీజులో కొంత తగ్గించారు. ఆ తగ్గింపు లెక్కలోకి తీసుకోకపోయినా, అన్నీ కలిపి కొలంబియా ఖర్చులో మూడోవంతు దగ్గర తేలింది.

ఇప్పుడు వాయిదా లెక్క చూడండి. కోటి రూపాయలు 11 శాతం వడ్డీకి తెచ్చి పదిహేనేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 1 లక్షా 13 వేలు కట్టాలి. 30 లక్షలకైతే 34 వేలు. చదువుతున్నప్పుడు పెరిగే వడ్డీ ఇందులో లేదు. మన దేశంలో స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వాయిదా అంత జీతమే రాదు. అంటే పెద్ద అప్పు చేస్తే, పేదల కోసం చదివిన పిల్ల ఆ అప్పు తీర్చడానికే ఏ పెద్ద కంపెనీలోనో కూర్చోవాలి!

ఇంకో సంగతి. బ్యాంకు రుణం ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి హామీ అడుగుతారు. పొలం, తోట అంటే చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ఇల్లో, స్థలమో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో చూపించమంటాయి. అందుకే మన రైతుల ఇళ్ళలో మాట తోట అమ్మడం దాకా పోతుంది. అమ్మిన తోట మీద దింపు రాదు, అప్పు వడ్డీ మాత్రం ఆగదు.

స్కాలర్‌షిప్పులు ముందే చూసుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ళ ఉద్యోగానుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ళ అనుభవం కావాలి. షెడ్యూల్డ్ కులాలవారికి, సంచార జాతులవారికి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. అందులో 30 శాతం ఆడపిల్లలకే. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ రుణంగా ఇస్తుంది.

ఉద్యోగాల మాట

ఇది దాచిపెట్టకూడని విషయం. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యు.ఎస్. ఎయిడ్ 2025 జూలై 1 నుంచి విదేశీ సహాయం పని మానేసింది. బ్రిటన్ తన సహాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.3 శాతానికి తగ్గిస్తామని 2025లో ప్రకటించింది. ఐక్యరాజ్యసమితిలోనూ కోతలే. ఈ డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళే వేల సంఖ్యలో ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. సమితి సెక్రటేరియట్‌లో ఇంటర్న్‌షిప్‌కి జీతం కూడా ఉండదు. ఇంగ్లండులో చదువయ్యాక ఉండే రెండేళ్ళ వీసా కూడా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలే.

ఒక కన్సల్టెన్సీ ఆయన "సీటొచ్చింది కదమ్మా, ఉద్యోగం అదే వస్తుంది" అన్నాడు. అలా అనేవాళ్ళని ఒకటే అడగండి: నిరుడు చదువు పూర్తి చేసిన మన దేశపు పిల్లలు ఇద్దరి ఫోన్ నంబర్లు ఇప్పించండి అని. మా పిల్ల ఆ ఇద్దరినీ తనే పట్టుకుని మాట్లాడింది. ఒక గంట మాటల్లో తెలిసింది కలర్ పుస్తకాల్లో లేదు.

మన దగ్గరి చదువులు తక్కువేమీ కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936 నాటిది, హైదరాబాదులోనూ ఉంది. అంతర్జాతీయ వ్యవహారాలకు జె.ఎన్.యు. ఉండనే ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదివారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆవిడ విదేశీ డిగ్రీ కోసం ఆగలేదు.

మేం ఏం తేల్చుకున్నాం?

కొలంబియాకు వద్దని రాసేసింది. ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు, నిజమే. ససెక్స్‌కి ఒక ఏడాది వాయిదా అడిగి, ఈలోగా చీవ్‌నింగ్‌కి దరఖాస్తు పెడుతోంది. అదీ రాకపోతే ఇంటి మీద చిన్న రుణం. అదీ కుదరకపోతే మళ్ళీ బెంగళూరుకే దరఖాస్తు. తోట మాట ఎవరూ ఎత్తకూడదని మరదలు షరతు పెట్టింది. పెళ్ళి మాట ఏడాది ఎత్తకూడదని పిల్ల షరతు పెట్టింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ ఏడాదిలో ఫ్రెంచి నేర్చుకోమన్నాను నేను. సమితి ఆరు భాషల్లో అదొకటి. గోదావరి దాటితే యానాం, 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు!

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఉత్తరం వస్తే కంగారు పడకండి, గర్వంతో తొందరా పడకండి. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

ఈ కోర్సులో చేరడానికి నా కూతురు చేసిన పని ఏమిటి?

మొత్తం ఖర్చెంత, నెల వాయిదా ఎంత?

ఆ వాయిదాకు మూడింతల జీతం వస్తుందా?

ఉద్యోగం రాకుండా తిరిగొస్తే మనకు ఏం మిగులుతుంది?

నాలుగింటికీ జవాబు రాయగలిగితే ధైర్యంగా పంపండి. రాయలేకపోతే ఒక ఏడాది ఆగండి. సీటు మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ తెలివి అమ్మాయిలోనే ఉంది కదా!