వాహనంపై గీత – దాని లోతు, దాని మరమ్మతు

కరీంనగర్ నుండి జగిత్యాలకు పోయే రహదారిలో కొండగట్టు దిగువన కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక దృశ్యం సుపరిచితమే. కొత్తగా వాహనం కొన్నవారు దూరప్రాంతాల నుండి సైతం దానిని ఆంజనేయస్వామి సన్నిధికి తెచ్చి పూజ చేయించుకుంటారు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతోనో, బ్యాంకు అప్పుతోనో కొన్న వస్తువు కనుక దానిపై మమకారం సహజం. అట్టి వాహనంపై ఎవరో మేకుతో ఒక గీత గీసి పోయినప్పుడు కలిగే బాధ ఆ గీతకంటె లోతైనది. ఆ గీత స్వరూపమేమి, దానిని మాన్పే విధానమేమి అనే విషయాలను విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా అనుభవంతోనే ప్రారంభిస్తాను. ఒక వేసవిలో పరీక్షల విధి ముగించుకొని తిరిగి వస్తూ కొండగట్టు దిగువన టీ తాగుటకు ఆగినాను. మరల కారు ఎక్కబోతూ చూస్తే ముందు తలుపు నుండి వెనుక చక్రం వరకు ఒక పొడవైన గీత కనబడినది. అది పరీక్షాకేంద్రం ఆవరణలో పడినదో, అక్కడే పడినదో తెలియదు. అయినను, రెండు రోజుల ముందు కాపీ చీటీలతో పట్టుబడిన ఒక విద్యార్థి ముఖం నా మనసులో మెదిలినది. ఆ అనుమానాన్ని ఇద్దరు సహోద్యోగుల వద్ద వెలిబుచ్చినాను కూడ. గీతను సాక్ష్యంగా ఉంచదలచి, మరమ్మతు చేయించక, వర్షాకాలమంతా అట్లే వదలివేసినాను. దాని ఫలితం తరువాత చెబుతాను.

కారు రంగు ఒకే పూత కాదు. దాదాపు ముప్పాతిక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకుపై మొదట ఫాస్ఫేటు పొర ఏర్పరుస్తారు. పిదప విద్యుత్తు సహాయంతో తుప్పు నిరోధక పూత పూస్తారు. దానిపై ప్రైమరు, దానిపై అసలు రంగు, అన్నింటికంటె పైన గాజువలె పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. ఇవన్నియు కలసినను మందం సుమారు 100 నుండి 130 మైక్రాన్లు మాత్రమే. అనగా మిల్లీమీటరులో పదవ వంతుకు కొంచెం పైన. మనం వ్రాసుకొనే కాగితం మందమూ ఇంచుమించు అంతే. ఇందులో క్లియర్ కోటు వాటా సుమారు 40 మైక్రాన్లు.

ఈ పూతలకు చరిత్ర కలదు. తొలినాటి కార్లకు వార్నిషు జాతి రంగులు వేసేవారు. అవి పూర్తిగా ఆరుటకు వారాలు పట్టేవి. 1920 దశకంలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే పేరుతో నైట్రోసెల్యులోజ్ రంగును తెచ్చిన పిదప ఆ పని గంటలలోకి వచ్చినది. నేటికీ మన షెడ్లలో కారు రంగును ‘డ్యూకో’ అని పిలవడం ఆ పేరు మిగిల్చిన జ్ఞాపకమే.

ఇక గీత లోతును కనుగొనే విధానం. మొదట ఆ భాగాన్ని నీటితో కడగవలెను. తడిగా ఉన్నప్పుడు గీత మాయమై, ఆరిన తరువాత మరల కనిపిస్తే అది క్లియర్ కోటులోనే ఉన్నదని గ్రహించవచ్చు. దీనికి కారణం భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. గీత అంచుల వద్ద కాంతి చెదరిపోవడం వలన అది తెల్లగా కనిపిస్తుంది. గాలికంటె నీటి వక్రీభవన గుణకం రంగు పూత గుణకానికి దగ్గరగా ఉండడం వలన, నీరు నిండినప్పుడు ఆ చెదరుట తగ్గుతుంది. రెండవ పరీక్ష గోటితో. గోరు అడ్డంగా జార్చినప్పుడు చిక్కుకుంటే గీత లోతైనదని అర్థం. అడుగున ప్రైమరు బూడిదవన్నె కనిపిస్తే రంగు పొర తెగినది. లోహం మెరిస్తే అన్ని పొరలూ తెగినవి.

మరమ్మతు లోతును బట్టి మూడు విధాలు. మొదటిది పై పూతకే పరిమితమైన గీత. దీనికి రంగు అవసరం లేదు. రబ్బింగ్ కాంపౌండుతో మెత్తని గుడ్డపై రుద్ది, తరువాత పాలిష్ చేస్తే చాలును. కొంచెం మొండిదైతే 2000 లేక 3000 నంబరు వాటర్ పేపరుతో నీరు పోస్తూ తేలికగా సానపట్టి, ఆపై కాంపౌండు వాడుతారు. ఇక్కడ మనం గీతను పూడ్చడం లేదు. చుట్టూ ఉన్న పూతను గీత అడుగు మట్టానికి తగ్గిస్తున్నాము. కావున అత్యుత్సాహం కూడదు. ఉన్నదే 40 మైక్రాన్లు. అది అరిగిపోతే ఎండకు రంగు వెలిసిపోతుంది. టూత్‌పేస్టులో సన్నని రాపిడి పొడి ఉండుటచే అది మిక్కిలి సన్నని గీతలకే కొంత పనిచేస్తుంది. కొబ్బరినూనె గీతను కప్పిపుచ్చుతుంది గాని మాన్పదు.

రెండవది రంగు పొర తెగిన గీత. ఇంజను మూత కిందనో, తలుపు స్తంభంపైననో ఉండే పట్టీలో రంగు సంకేతం ముద్రించి ఉంటుంది. ఆ సంకేతం ప్రకారం టచప్ రంగు తెచ్చి, సన్నని కుంచెతో గీత లోపల మాత్రమే, పలుచగా, పొర ఆరిన పిదప మరొక పొరగా నింపవలెను. చివర క్లియర్ వేసి, గట్టిపడిన తరువాత సానపట్టి సమం చేయవలెను. మెటాలిక్ రంగులలో అల్యూమినియం రేణువుల అమరిక కుంచెతో కుదరదు. దగ్గర నుండి చూస్తే మచ్చ తెలియక మానదు.

మూడవది లోహం వరకు దిగిన గీత. ఇక్కడ ఆలస్యమే శత్రువు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలసిన చోట తుప్పు పుడుతుంది. అది గీతలోనే ఆగక రంగు కిందుగా పాకి పూతను పొంగిస్తుంది. తుప్పును పూర్తిగా గీకి, ప్రైమరు, అవసరమైతే పుట్టీ, మరల ప్రైమరు, రంగు, క్లియర్ వరుసగా వేయవలసి ఉంటుంది. ఈ పని షెడ్డులోనే జరగవలెను. గట్టిపరిచే ద్రావకంలోని ఐసోసయనేట్లు శ్వాసకోశాలకు హానికరం, ఆస్తమా కలిగించగలవు. తగిన ముసుగు లేకుండ, మూతికి చేతిరుమాలు కట్టుకొని రంగు కొట్టే పిల్లవానిని చూచినప్పుడు మన కారు మెరుపుకు అతడు చెల్లించే మూల్యం గుర్తుకు రావలెను.

చట్టం విషయం కూడ తెలుసుకొనదగినది. బుద్ధిపూర్వకంగా ఇతరుల ఆస్తిని పాడుచేయుట నేరం. పూర్వం భారత శిక్షాస్మృతి 425 నుండి 427 వరకు గల సెక్షన్ల కిందకు వచ్చే ఈ నేరం, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను కిందకు వచ్చినది. నష్టం 20,000 రూపాయలు, అంతకు పైన ఉండి లక్ష లోపున ఉంటే రెండేండ్ల వరకు శిక్ష పడవచ్చు. థర్డ్ పార్టీ బీమా ఇట్టి నష్టాన్ని భరించదు. సమగ్ర బీమా భరిస్తుంది. కాని క్లెయిము చేసినచో నో క్లెయిమ్ బోనసు పోతుంది. కావున చిన్న గీతకు క్లెయిము లాభమో నష్టమో లెక్క చూచుకొనవలెను.

ఇక నా కారు సంగతి. నాలుగు నెలల తరువాత జగిత్యాలలో ఒక పెయింటరు వద్దకు పోగా, గీత పొడవునా రంగు పొంగి, గోకగానే పెచ్చులుగా ఊడినది. ఆయన నా వైపు చూచి, “సార్, గీసినోడు ఒక్కసారి గీసి పోయిండు. నాలుగు నెలలు వాననీళ్లు తాపింది మీరే” అన్నాడు. ఎవరు గీసి ఉంటారో చెప్పగలవా అని అడిగినాను. “మేకుతోటి గీసిండ్రు, అది చెప్తా. మేకు పట్టిన చెయ్యి ఎవరిదో రేకు మీద రాసి ఉండదు గద సార్” అన్నాడు.

ఆ మాట విని సిగ్గుపడినాను. మరునాడే ఆ ఇద్దరు సహోద్యోగుల వద్దకు పోయి, ఆధారం లేకుండ ఒక విద్యార్థి పేరు చెప్పినానని, ఆ మాటను మరచిపొమ్మని కోరినాను. గీత గీసినది ఎవరో నేటికీ నాకు తెలియదు. రెండు తలుపులకు రంగు వేయించిన ఖర్చును భరించినాను. ఆ విద్యార్థిపై పడబోయిన మచ్చకు మాత్రం ఏ షెడ్డులోనూ రంగు దొరకదు.

విద్యార్థులారా! చేతిలో మేకు ఉన్నవాడు ఒక్క క్షణం ఆగవలెను. గీత పడినవాడు ఆలస్యం చేయక గీతను కడిగి, లోతు చూచి, మరమ్మతు చేయించుకొనవలెను. తుప్పు విషయంలోనైనా, అనుమానం విషయంలోనైనా మొదటి రోజు పని సులభం.