ఉద్దానపు ఇసుక

శ్రీకాకుళం జిల్లా తీరమున నున్న ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు కన్నులపండువుగా నుండును. పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన జీడిమామిడికి నీరు నిలువని ఇసుకనేల మిక్కిలి అనుకూలము. పలాస జీడిపప్పు కమ్మదనము వెనుక ఈ ఇసుక కలదు.

జిల్లా తీరపు ఇసుకయే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు పురిటిల్లు. తల్లి గుంట త్రవ్వి, సుమారు 100 గ్రుడ్లు పెట్టి, కప్పి వెడలిపోవును. వాటిని పొదుగునది ఇసుకలోని వేడి. సుమారు 29 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆడ, మగ పిల్లలు దాదాపు సమముగ పుట్టును. వేడి హెచ్చినకొలది ఆడవే హెచ్చును. భూమి వేడెక్కుచున్న ఈ దినములలో మగవి కరవైనచో ఈ జాతి యేమగును?

రాత్రివేళ సముద్రముపై వెలుతురే పిల్లలకు దారి; ఒడ్డున వెలుగు దీపములు వాటిని దారి తప్పించును. వేడిని ఒక్కనాట తగ్గింపలేము. ఆ దీపములను ఆర్పగలము గదా!