పదిహేడేళ్ల పంతులమ్మ

జనవరి 3 వచ్చిందంటే మన సోలాపూర్ బడులన్నిట్లో ఒక ఫొటోకు దండ వేస్తారు. నుదుట పెద్ద బొట్టు, తల మీద కప్పుకున్న కొంగు. ఆడపిల్లలు ఆమె లాగ చీర కట్టుకొని, చేత పుస్తకం పట్టుకొని వస్తారు. నాలుగు భాషణాలు అవుతాయి, మధ్యాహ్నానికి దండ వాడుతుంది, పిల్లలు ఇంటికొస్తరు. మన తెలుగోళ్ల ఇండ్లలో చాలామందికి ఆ ఫొటో మరాఠీ వాళ్ల పెద్దమనిషిది, అంతే. కాదు. సావిత్రిబాయి ఫులే కథలో మన తెలుగు వాళ్లున్నారు, మిల్లు కూలీలున్నారు. ఆ సంగతి రాయమని మన పత్రిక వాళ్లు అడిగితే సరే అన్నాను. నేను బడిలో చదివింది నాలుగో తరగతి దాక, మున్సిపాల్టీ తెలుగు బడిలో. మిగిలిందంతా పాళి దిగినాక వాచనాలయంలో కూర్చొని, మరాఠీ అక్షరాలు కూడబలుక్కొని చదివిందే.

ఆమె 1831 జనవరి 3న సాతారా జిల్లా నాయగావ్‌లో పుట్టింది. తోటమాలీ కులం. తొమ్మిదేళ్లకే పెండ్లి చేసిండ్రు. మొగుడు జోతిరావుకు పదమూడు. పెండ్లినాటికి ఆమెకు అక్షరం రాదు. ఆ కాలంలో ఆడపిల్లకు అక్షరం వస్తే మొగుడు చస్తాడని, తినే అన్నంలో పురుగులు పడతాయని చెప్పేవాళ్లు. నవ్వకండి. మా అమ్మమ్మ కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పేది, కాకపోతే పురుగులు కాదు, దరిద్రం అనేది. జోతిరావు తాను చదువుకుంటూ పొలంలో ఆమెకు నేర్పాడు. తర్వాత ఆమె అహ్మద్‌నగర్‌లో, పుణెలో పంతులమ్మ పని నేర్చుకుంది. ఊరికే ఇంట్లో చదివి బడికి పోలేదు, పని నేర్చుకొని పోయింది. మనం మగ్గం మీద కూర్చునే ముందు ఎవరి దగ్గరనో కండెలు పట్టి, పోగు అతికి నేర్చుకోలేదా, అట్లా.

1848లో పుణె బుధవార్ పేటలో, భిడేవాడ అనే ఇంట్లో ఆడపిల్లల బడి పెట్టారు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. ఇది చదివే అక్కలు ఒక్క నిమిషం ఆగి లెక్క వేసుకోండి. మీ ఇంట్లో పదిహేడేళ్ల పిల్ల ఇవాళ ఏం చేస్తుంది? ఒక్కతే సిద్ధేశ్వర్ జాతరకు పోతానంటే పంపుతారా? ఈమె రోజూ ఒక్కతే బయలుదేరి, బ్రాహ్మణ పేటల నడుమ నుంచి నడిచి బడికి పోయింది. పేడ, బురద, రాళ్లు విసిరేవాళ్లు. అందుకని ఒక పాత చీర కట్టుకొని పోయి, బడిలో మంచి చీరకు మార్చుకొని పాఠం చెప్పి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆ మురికి చీరే కట్టుకునేదని చెప్తారు. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ రెండో చీరే. కోపం వచ్చి ఒక రోజు ఎదిరించడం వేరు. రేపు కూడా పేడ పడుతుందని తెలిసి, రాత్రే చీర మడిచి సంచిలో పెట్టుకోవడం వేరు.

మరుసటి ఏడాది మామగారు ఇద్దరినీ ఇంట్లోంచి పొమ్మన్నాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. పువ్వుల వ్యాపారం చేసుకునే మనిషి, కులపెద్దలు, ఊరిపెద్దలు మీద పడి మెడ పట్టుకున్నరు. మనకు తెలియనిదా, కులం ఒక ఇంటిని వెలేస్తే ఎట్లుంటదో. జోతిరావు స్నేహితుడు ఉస్మాన్ షేక్ తన ఇంట్లో చోటిచ్చాడు. ఫాతిమా అనే ఆమె సావిత్రిబాయికి బడి పనిలో తోడైంది. 1856లో పుట్టింట్లో జబ్బుగా ఉన్నప్పుడు సావిత్రిబాయి మొగుడికి ఒక ఉత్తరం రాసింది. తాను లేకపోవడంతో ఫాతిమా మీద పని భారం పడి ఉంటుందని, అయినా ఆమె సణగదని అందులో ఉంది. అదే ఉత్తరంలో తన అన్నదమ్ముడి సంగతీ ఉంది. మహార్, మాంగ్ పిల్లలకు చదువు చెప్పి మీరిద్దరూ కులభ్రష్టులైనారని ఆయన అన్నాడట. మేకకు, ఆవుకు ముద్దు చేస్తావు, నాగపంచమికి పాముకు పాలు పోస్తావు, మనిషిని మాత్రం ముట్టనంటావా అని ఆమె గట్టిగా అడిగిందట. అమ్మ కూడా పక్కనే కూర్చొని విన్నది. పుట్టింటికి పోయి, మంచం మీద పడి ఉండి, అన్నదమ్ముడితో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలె! బయట ఊరివాళ్ల రాళ్లకంటే ఇంటివాళ్ల మాటే బరువు.

1852 నాటికి పుణెలో వాళ్ల ఆడపిల్లల బడులు మూడయ్యాయి. మహార్, మాంగ్ పిల్లలకు వేరే బడి పెట్టారు. 1855లో పగలంతా కష్టం చేసే రైతులకు, కూలీలకు రాత్రి బడి కూడా నడిపారు. లహూజీ ఉస్తాద్ అనే మాంగ్ పైల్వాన్, తాలీంలో కుస్తీ నేర్పే మనిషి, ఇంటింటికి పోయి పిల్లల్ని బడికి తోలుకొచ్చేవాడు. ఆ వాడ పిల్లే ముక్తాబాయి. పద్నాలుగేళ్ల పిల్ల, మూడేళ్లు చదివిందంతే. 1855లో మహార్, మాంగుల దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసం ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. అందులో ఆ పిల్ల దేవుణ్ణే అడిగింది: వేదం ముట్టే హక్కు మాకు లేదన్నప్పుడు మా ధర్మం ఏది స్వామీ, మాకు చెప్పు అని. పంతులమ్మ ఎట్లాంటిదో శిష్యురాలి నోట్లోంచి తెలుస్తది. అట్లా అడగొచ్చునని ఆ పిల్లకు ఎవరో చెప్పి ఉండాలె కదా.

ఇక్కడ దేవుడి మాట వచ్చింది కాబట్టి చెప్పాలె. సావిత్రిబాయికి దేవుడి మీద నమ్మకం లేదని కొందరు అంటారు. అది తప్పు. ఉంది. కాని ఆమె నమ్మిన దేవుడికి నడుమ దలాలీ లేదు. 1873 సెప్టెంబరు 24న జోతిరావు పుణెలో సత్యశోధక సమాజం స్థాపించాడు. సృష్టించినవాడు ఒక్కడే, మనుషులందరూ ఆయన పిల్లలే, తండ్రితో మాట్లాడడానికి బిడ్డకు వకీలు అక్కర లేదు. అదీ వాళ్ల మతం. ఆ ఏడాది డిసెంబరులోనే భట్జీ లేకుండా ఒక పెండ్లి జరిపించారు, దాని ఏర్పాట్లలో సావిత్రిబాయి ముందుంది. నేను ఏటా మార్కండేయ గుడికి పోతాను, రథోత్సవానికి తాడు పట్టుకుంటాను, నా భక్తి నాది. అయినా ఈ లెక్క నాకు సమ్మతమే. ఆమె నమ్మకం పూజ గదిలో కూర్చోలేదు. దేవుడి పిల్లలందరూ ఒకటే అన్నాక మాంగ్ పిల్లను బడి బయట నిలబెట్టడం కుదరదు. మన వాడలో కూడా కొన్ని ఇండ్లలో పాకీ పని చేసే మనిషికి చాయ్ ఇచ్చే గ్లాసు వేరే గూట్లో ఉంటది. ఎవరి ఇండ్లో నేను చెప్పను, ఆ ఇండ్లకు తెలుసు.

ఇప్పుడు మన వాళ్ల సంగతి. బొంబాయిలో కామాఠీపుర అని ఉంది కదా, ఇప్పుడు ఆ పేరు చెప్పాలంటే సిగ్గుపడతారు. ఆ పేరు వచ్చింది మన తెలుగు కామాఠీల వల్లే. నిజాం ఇలాకా నుంచి పోయి రాళ్లు మోసి, ఇండ్లు కట్టి ఆ నగరాన్ని నిలబెట్టిన కూలీలు. వాళ్లలో కొందరు కంట్రాక్టులు పట్టి పైకొచ్చారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయిబు వడ్నాల, వెంకు బాలాజీ కాలేవార్, వీళ్లంతా తెలుగు వాళ్లు, సత్యశోధక సమాజంలో జోతిరావు వెంట నిలబడ్డవాళ్లు. సమాజానికి అచ్చు యంత్రం ఇప్పించిన వాళ్లలో అయ్యవారు గారి పేరు ఉంది. మరాఠీ పుస్తకాల్లో ఈ పేర్లున్నాయి. తెలుగులో మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం సుట్టి కూడా ఆ చెట్టు కాయే. నారాయణ మేఘాజీ లోఖండే సత్యశోధకుడు, ‘దీనబంధు’ పత్రిక నడిపినవాడు. 1884లో బొంబాయి మిల్లు కూలీల సంఘం పెట్టాడు. అప్పుడు మిల్లులో వారం రోజులూ పనే. ఆదివారం ఖండోబా వారం, కూలివాడికి తన దేవుడికీ తన జనానికీ ఒక రోజు కావాలని కొట్లాడగా 1890 జూన్ 10న సుట్టి దక్కింది. భోంగా మోగని ఉదయం ఎట్లుంటదో, ముప్పై ఏండ్లు భోంగాకు లేచినవాడికి చెప్పక్కర లేదు.

1876, 77 కరువు మన తాతలు కథలుగా చెప్పిన కరువే. సోలాపూర్, రాయలసీమ, నిజాం ఇలాకా అంతా మాడిపోయింది. మన జూనీ మిల్లు నడక మొదలైంది కూడా 1877లోనే. ఆ కరువులో సావిత్రిబాయి జున్నర్ వైపు ఊళ్లు తిరిగింది. ధనకవడిలో పిల్లలకు అన్నం పెట్టే ఆశ్రమం నడిపారు. బడి, అన్నం ఆమెకు వేర్వేరు పనులు కావు. అంతకు ముందే, 1863లో, మోసపోయిన బ్రాహ్మణ వితంతువులు పుట్టిన బిడ్డను చంపుకోకుండా వచ్చి కనడానికి తమ ఇంట్లో చోటు పెట్టారు. ఆ వచ్చినవాళ్లలో ఒకామె కొడుకునే పెంచుకున్నారు. తన మీద పేడ వేసిన పేటల ఆడబిడ్డలకే ఆమె పురుడు పోసిందన్నమాట. ఆ కొడుకు యశ్వంత్ డాక్టరయ్యాడు.

1890 నవంబరు 28న జోతిరావు పోతే అంతిమయాత్రలో అగ్గి కుండ సావిత్రిబాయే పట్టి నడిచింది. తర్వాత సమాజం బరువూ మోసింది. 1897లో పుణెలో ప్లేగు. హడప్సర్ దగ్గర యశ్వంత్ దవాఖానా పెట్టాడు. ముంఢ్వా మహార్ వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు తగిలిందని తెలిసి, అరవై ఆరేళ్ల ముసలమ్మ వాణ్ణి వీపున వేసుకొని దవాఖానాకు తెచ్చింది. పిల్లవాడు బతికాడు. ఆమెకు అంటుకొని మార్చి 10న పోయింది. లోఖండే అంతకు నెల ముందే ఫిబ్రవరిలో, బొంబాయిలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ పోయాడు.

పుణె పోయినప్పుడు నేను ఆ భిడేవాడ చూశాను, దగడూసేఠ్ గణపతి గుడికి ఎదురుగానే. చెక్కలు కూలి, కింద దుకాణాలు. గుడి దగ్గర క్యూ రోడ్డు మలుపు దాటి పోతుంటే, ఇటు తలెత్తి చూసేవాడు లేడు. 2023 డిసెంబరులో స్మారకం కట్టడానికని ఆ పాత ఇల్లు పడగొట్టారు.

మా గల్లీలో ఒక పిల్ల పదో తరగతి. తల్లికి దీపావళి నుంచి చేయి పడిపోయి కత్తెర పట్టలేకపోతుంది. పిల్లే బడి మానేసి ఆకు కత్తిరించి బీడీలు చుడుతుంది. వాళ్ల బడిలో కొత్తగా వచ్చిన బాయి ఉంది, ఇరవై నాలుగేళ్లుంటాయేమో. శనివారం శనివారం బడి విడిచినాక వచ్చి ఆ అరుగు మీద కూర్చుంటుంది. తల్లి, “బాయీ, వెయ్యి బీడీలైతే గాని రేషన్ రాదు, చదివితే కడుపు నిండుతదా?” అంటది. బాయి వాదించదు. పిల్ల పక్కన కూర్చొని తాను దారం కడుతూ లెక్కల పాఠం చెప్తుంది. మొదట ఆమె కట్టిన కట్టలు కారఖానాలో వాపసొచ్చాయి. ఇప్పుడు రావడం లేదట. పరీక్ష ఫారం బాయే నింపింది, రుసుము మా మహిళా మండలి అక్కలు కట్టారు.

మార్చిలో పరీక్ష. వాళ్ల ఇంటి రెండు వైపులా సాంచాల చప్పుడు కాబట్టి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాక మా మేడమీది గది ఇచ్చాం, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కూడా వస్తున్నారు. పదో తరగతి గణితం, సైన్సు పాత పుస్తకాలు రెండు జతలు తక్కువ పడ్డాయి. ఎవరింట్లో ఉన్నా పత్రిక ఆఫీసులో ఇవ్వండి, నేను వచ్చి తీసుకుంటాను.