వేసవి శిబిరమునకు ఎట్టి పేరు పెట్టవలెను?

వచ్చు మే నెలలో మన పాఠశాల ఆవరణమున పది దినములపాటు పిల్లలకు వేసవి శిబిరము నడుపవలెనని కార్యవర్గము తీర్మానించిన సంగతి తల్లిదండ్రులకు విదితమే. మన విద్యార్థులతోబాటు, ఇంట తెలుగు మాటలాడుచు బయట ఆంగ్ల పాఠశాలలలో చదువుచున్న పిల్లలును ఇందు చేరుదురు. ఏమి నేర్పవలెనను విషయమున భేదాభిప్రాయము రాలేదు. పేరు దగ్గరకు వచ్చుసరికి మాత్రము సూచనలు ఇరువదికి మించినవి! వానిని పరిశీలించునపుడు నాకు తోచిన విషయములను కొన్నింటిని మీ ముందుంచుచున్నాను.

సూచనలలో హెచ్చుభాగము గంభీరమైనవి. ‘మాతృభాషా పునరుద్ధరణ శిబిరము’, ‘శుద్ధాంధ్ర శిక్షణ తరగతులు’ అనునవి మచ్చునకు రెండు. పంపినవారి భాషాభిమానమును శంకింప బనిలేదు. కాని ఆ పేరును మొదట వినువాడు పదియేండ్ల బాలుడు. పునరుద్ధరణ మనగా పాడుపడిన గుడికి చేయునది. శుద్ధమనగానే తన యింట పలుకునది శుద్ధము కాదని యాతడు గ్రహించును. అట్లు గ్రహించిన బాలుడు శిబిరమునకు రాడు. వచ్చినను నోరు విప్పడు. మన కుటుంబములలో ననేకము విజయనగర రాజుల కాలమునను, నాయక రాజుల కాలమునను ఈ ప్రాంతమునకు వచ్చినవి. లిపి మరచిన యిండ్లు గలవు గాని మాట మరచిన యిండ్లు తక్కువ. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచేవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్ గారి (1923–2021) యింటి భాష తెలుగు, వ్రాత తమిళము. అట్టి కుటుంబముల గ్రామజీవితమును చిత్రించిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను తమిళ నవలకు వారికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. బడి లేకయే అన్ని తరములు నిలచిన భాషను తక్కువచేయు పేరు మనకు తగదు. ‘అమ్మమ్మగారిల్లు’ అని యొక తల్లి సూచించిరి. ముచ్చటైన పేరే. కాని మనలో పలువురి యిండ్లలో ఆమె ‘అవ్వ’. అమ్మమ్మ పుస్తకములలో కనబడు నామె.

మహనీయుల పేర్లును కొన్ని వచ్చినవి. గౌరవార్హములే గాని అక్కడ ఏమి జరుగునో బిడ్డకు చెప్పవు.

‘శిబిర’ మను మాట మీదనే నాకు కొంత సందేహము. మన చెవికది సైన్యమునో, కంటి పరీక్షనో, రక్తదానమునో స్ఫురింపజేయును. తమిళులు దీనిని ‘ముగామ్’ అందురు. మనము వాడుకలో ‘మకాం’ అనునదియు అదియు ఒక అరబ్బీ పదమునుండి వచ్చినవే. ‘విడిది’ చక్కని తెలుగు మాట, పెండ్లివారికి అలవాటైనది. కాని ‘వేసవి విడిది’ యన్నచో జనులు ఉదకమండలమును తలచుకొందురు. మైసూరులో రంగాయణమువారు వేసవిలో పిల్లలకు నడుపు నాటక శిబిరమునకు ‘చిణ్ణర మేళ’ యని పేరు. చిన్నవాండ్ర కూటమని తెలియుటకు అంతకంటె నేమి కావలెను?

ఇక లిపి విషయము. దీనిని సూచనలు పంపినవా రెవ్వరును తలచినట్లు లేదు. తమిళ అభ్యసన చట్టము 2006లో వచ్చినది. 2006–07 నుండి ఒకటవ తరగతితో మొదలిడి తమిళము పాఠశాలలలో క్రమముగా తప్పనిసరి పాఠ్యాంశమైనది. కావున మన పిల్లలందరు తమిళ లిపి చదువగలరు. తెలుగు లిపి కొందరికే వచ్చును. మన ప్రకటన రెండు లిపులలోను ఉండక తప్పదు. తమిళమున క, గ లకు ఒకే అక్షరము. ప, బ, భ లకు ఒకే అక్షరము. త, ద లకును అంతే. మాట మొదట నున్నచో పరుషముగాను, రెండు అచ్చుల నడుమ నున్నచో సరళముగాను పలుకుదురు. ఈ సూత్రమున ‘బాలవిహారము’ ఏమగునో చూడుడు. బిడ్డ ప్రకటన చూచి ‘పాలవిహారం’ అని చదువును. ఇంటిలోని అవ్వ లీటరెంత యని యడుగును.

నాకు మిక్కిలి నచ్చిన సూచన ‘చలిపందిరి’. ఎండలో వచ్చువానికి కులగోత్రము లడుగక మంచినీరిచ్చు చోటు. ఇంతకంటె మంచి యర్థము దొరకదు. కాని తమిళ లిపిలో మొదటి యక్షరమును నేడు చాలమంది ‘స’ యని పలుకుదురు. ‘సలిప్పు’ అనగా తమిళమున విసుగు. నాలుక కొంచెము మందమైనచో ‘సళి’, అనగా జలుబు. ఇక తెలుగు వచ్చిన తుంటరి పిల్లలు ‘పందిరి’లో చివరి యక్షరమును ఎగురగొట్టక మానరు. పిల్లలు పేరును ఎట్లు కురచచేయుదురో ముందుగా ఊహింపవలెను. వారు కురచచేసినదే చివరకు నిలచును.

లిపి మార్చినంత మాత్రమున పని తీరదని మదరాసులోని పెద్దలు ఎప్పుడో గుర్తించిరి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947లో ‘చందమామ’ను వెలువరించినపుడు తమిళ ప్రతికి ఆ పేరునే తమిళాక్షరములలో అచ్చువేయలేదు, ‘అంబులిమామ’ యనిరి. చంద్రుడు ఉభయులకు మామయే గదా! కనుక మనమును తెలుగున ఒక పేరు, దాని క్రింద అదే యర్థముగల తమిళపు మాట ఒకటి ఉంచుకొనవచ్చును. పొరుగింటి తమిళ బాలుడు ‘నీవెక్కడికి పోవుచున్నావు?’ అని యడిగినపుడు మనవాడు సిగ్గుపడక చెప్పగలుగును.

ఈ పరీక్షలన్నింటికి నిలచినది ‘మామిడితోపు’. మేలో మామిడి కాలము. రెండు మాటలుగా విడదీసి వ్రాసినచో తమిళ లిపిలోను ఉచ్చారణ చెడదు. తోపు వారికిని ‘తోప్పు’. నేటి చలనచిత్రములలో ‘తోపు’ అనగా ఘనుడని యర్థమట. ఎనిమిదవ తరగతి పిల్లలు నాకు తెలిపి మిక్కిలి సంతోషించిరి. ‘మామిడినీడ’ మరింత మృదువుగా నున్నదని కొంద రనిరి. కాని ‘నీడ’ను తమిళాక్షరములలో చూచిన తండ్రికి ఈ దినములలో వైద్యవిద్యా ప్రవేశపరీక్ష ‘నీట్’ జ్ఞప్తికి వచ్చును. పిల్లలకు సెలవులలో ఆ భయమెందుకు?

ఒక ఆక్షేపణ మాత్రము న్యాయమైనది. మన ఆవరణములో మామిడిచెట్లు రెండే. పేరు చెప్పినది అక్కడ కనబడకున్నచో బిడ్డ మొదటి దినముననే మనలను నమ్మడు. వర్షములు పడగానే మరి నాలుగు మొక్కలు నాటుటకు కార్యవర్గము అంగీకరించినది. ఈ సంవత్సరము కథలు, పాటలు, ఆటలు ఆ రెండు చెట్ల క్రిందనే జరుగును.

ఇంతకంటె మంచి పేరు తోచినవారు ఏప్రిల్ 10వ తేదీలోగా దానిని రెండు లిపులలోను వ్రాసి కార్యాలయమున ఈయవలెను. తమిళ లిపిలో వ్రాసినదానిని, తెలుగు చదువరాని మీ బిడ్డచేత ముందుగా బిగ్గరగా చదివించి, ఇంటిలోని పెద్దలకు ఏమి వినబడినదో దాని ప్రక్కన వ్రాసి పంపుడు.